కథకూ కధకూ మధ్య ఒక చుక్క

పాత కంప్యూటర్లను తలచుకొనేవారు ఆకుపచ్చ అక్షరాల తెరను గురించి రెండు విధాలుగా మాట్లాడతారు. కొందరికి అది బీదతనానికి గుర్తు. రంగు కొనలేనివాడు పచ్చదానితో సరిపెట్టుకొన్నాడు, చేతిలో డబ్బు ఆడగానే మార్చుకొన్నాడు, అంతటితో సరి. మరికొందరికి అది మురిపెం. చీకటిగదిలో మిణుగురుల్లాగా వెలిగిన ఆ అక్షరాలను తలచుకొని నిట్టూరుస్తారు. ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. 1980వ దశకంలో ఏకవర్ణపు తెరను ఎంచుకొన్నవాడు చాలా సందర్భాలలో లెక్క చూసుకొని, తనకు తగినదానినే ఎంచుకొన్నాడని నా వాదం. ఆ లెక్కలో మన లిపికి చోటు లేకపోవడం దానికి అనుబంధం. నిజం చెప్పాలంటే ఈ టపా వ్రాయడం ఆ అనుబంధం కోసమే.

ముందు పేరు సంగతి తేల్చుకొందాం. మన ప్రాంతాలలో పచ్చ అంటే ఒకచోట ఆకుపచ్చ, మరొకచోట పసుపుపచ్చ. ఈ తెరల విషయంలో ఆ గడబిడ నిజంగానే వస్తుంది, ఎందుకంటే రెండు రకాలూ ఉండేవి. ఐ.బి.ఎం. వారిది ఆకుపచ్చ. పసుపుకూ నారింజకూ నడుమ ఉండే అంబరు రంగు తెరలు ఇతరులు చేసేవారు. కాగితం తెలుపును అనుకరించేవి మరికొన్ని. ఏదైనా రంగు ఒక్కటే కనుక వీటన్నిటినీ ఏకవర్ణపు తెరలనే అంటాను.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినప్పుడు కొనేవాడి ముందు రెండు కార్డులు పెట్టింది. తెరకు బొమ్మను పంపే పలక ఆ రోజుల్లో యంత్రంలోపల విడిగా బిగించుకొనేది, దానినే కార్డు అంటారు. మొదటిది ఎం.డి.ఏ., ఏకవర్ణానికి. రెండవది సి.జి.ఏ., రంగులకు. పేర్లు వింటే రెండవదే మెరుగని తోస్తుంది. చుక్కలు లెక్కపెడితే అలా తోచదు. రెండూ తెరమీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు చూపగలిగినవే. అయితే ఎం.డి.ఏ. ఒక్కొక్క అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడిని ఇచ్చింది. సి.జి.ఏ. ఇచ్చిన గడి వెడల్పూ ఎత్తూ కూడా 8 చుక్కలే. అంటే ఒకదానిలో అక్షరానికి 126 చుక్కలు, మరొకదానిలో 64. తెర మొత్తంమీద చూస్తే అక్కడ 720 × 350, ఇక్కడ 640 × 200. పొద్దస్తమానం కూర్చుని ఉత్తరాలు టైపు చేసేవాడూ పద్దులు సరిచూసేవాడూ వీటిలో దేనిని కోరుకొంటారు?

సి.జి.ఏ.కు దాని గుణాలు దానికి ఉన్నాయి. అక్షరాలను 16 రంగులలో చూపేది. ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవడానికి వీలుండేది. (ఐ.బి.ఎం. తన సొంత రంగుల మానిటరును 1983లో గాని అమ్మకానికి పెట్టలేదు.) బొమ్మలు గీయగలిగేది. కాని బొమ్మలలోకి దిగేసరికి 16 రంగులు కాస్తా నాలుగయ్యేవి. ఆ నాలుగూ మనం కోరుకొన్నవి కావు. నేపథ్యపు రంగు ఒకటి పోగా మిగిలిన మూడూ కట్టలు కట్టి ఇచ్చారు: లేతనీలం, ఊదా, తెలుపు ఒక కట్ట, ఆకుపచ్చ, ఎరుపు, గోధుమరంగు మరొక కట్ట. ఆ తెరమీద మామిడిపండు గీస్తే ఊదాగానైనా ఉండాలి, గోధుమరంగులోనైనా ఉండాలి. పైగా 80 అక్షరాల వరుసలతో పనిచేస్తున్నప్పుడు, తెరకు బొమ్మను పంపే వేళకే యంత్రం కొత్త అక్షరాన్ని లోపల వ్రాయబోతే, తెరంతా తెల్లని తునకలు చెదిరేవి. దానికి వాళ్లు మంచు అని ముద్దుపేరు పెట్టుకొన్నారు.

ఎం.డి.ఏ. కూడా మచ్చలేనిది కాదు. సెకనుకు 50 సార్లే తెరను తిరిగి వ్రాసేది. మినుకుమినుకు కనబడకుండా ఉండటానికి, ఒకసారి వెలిగితే ఆలస్యంగా ఆరిపోయే పూత పూశారు. అందువల్ల వరుసలు పైకి జరిగినప్పుడల్లా పాత అక్షరాల ఛాయలు వెంటబడేవి. బొమ్మలా, అసలే లేవు. అయితే ఇంతటి మచ్చలున్నా నిలకడగా ఉన్న అక్షరం మాత్రం అచ్చువేసినట్లుండేది.

దీనికి కారణం గాజుగొట్టంలోనే ఉంది. ఏకవర్ణపు గొట్టంలో ఎలక్ట్రాన్లను చిమ్మే తుపాకి ఒక్కటే. తెర లోపలిముఖాన ఎక్కడా తెగని ఒకే పూత. కిరణం తాకినచోట వెలుగు, తాకనిచోట చీకటి. రంగుల గొట్టంలో తుపాకులు మూడు. తెరమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొట్లు పక్కపక్కన ఉంటాయి. ఏ కిరణం ఆ రంగు బొట్టుమీదనే పడేటట్లు తెర వెనుక సన్నని చిల్లుల రేకు ఒకటి అడ్డుపెట్టాలి. తెల్లని అక్షరం కావాలంటే మూడు కిరణాలూ ఒకేచోట కలవాలి. తెర నడుమ కలిసినా మూలల్లో కలవక, అక్షరానికి ఒక అంచున ఎరుపు, మరొక అంచున నీలం తొంగిచూసేవి. పాత క్యాలెండర్ల అచ్చులో రంగుపలక కొంచెం జరిగితే దేవతల పెదవుల ఎరుపు గడ్డంమీదికి దిగడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

రెండవ కారణం జ్ఞాపకశక్తి, అదే మెమరీ. దీనికి నాకు తెలిసిన అతి శుభ్రమైన నిదర్శనం బి.బి.సి. మైక్రోలో ఉంది. 1984లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద దేశంలో కొన్ని పాఠశాలలకు వచ్చినవి ఈ యంత్రాలే కనుక మా తరం ఉపాధ్యాయులలో కొందరికి వీటితో ముఖపరిచయం ఉంది. యంత్రం మొత్తానికీ ఉన్నది 32 కిలోబైట్లు. అందులో 20 తెరకు కేటాయించి, ఎలా వాడుకొంటావో నీ ఇష్టం అనేది. రెండు రంగులు చాలంటే 640 × 256 చుక్కలు ఇస్తుంది. నాలుగు రంగులు కావాలంటే 320 × 256. పదహారు కావాలంటే (వాటిలో ఎనిమిది మినుకుమినుకుమనేవే) 160 × 256. మూడింటికీ అయ్యే ఖర్చు సరిగ్గా ఒక్కటే, 20 కిలోబైట్లు. ఉన్న దుప్పటి పొట్టిది, తల కప్పుకొంటే కాళ్లు బయటికి వస్తాయి. ఇంత నిజాయితీగా ఈ సంగతిని కొనేవాడి ముందు పరచిన యంత్రం మరొకటి నాకు కనబడలేదు. సి.జి.ఏ. చేసినదీ ఇదే లెక్క. 640 × 200 కావాలంటే చుక్కకు రెండే రంగులు, నాలుగు రంగులంటే వెడల్పు సగానికి సగం.

కనుక ఆనాటి ప్రశ్న రంగు కావాలా వద్దా అన్నది కాదు. ఉన్న కొద్దిపాటి చుక్కలను రంగుకు ఖర్చు పెట్టాలా, ఆకారానికి ఖర్చు పెట్టాలా అన్నది. ఆటలాడే పిల్లవాడికి రంగు కావాలి, సందేహం లేదు. పటాలు గీసేవాడికీ కావాలి. చదివేవాడికి, వ్రాసేవాడికి ఆకారం కావాలి. రంగుకు అర్థమే లేదని నేననను, మూడున్నర దశాబ్దాలు ఎర్రసిరాతో బ్రతికినవాణ్ని. కాని ఎరుపుతో చెప్పదలచినదానిలో చాలాభాగం ఏకవర్ణపు తెర తన పద్ధతిలో చెప్పగలిగేది. గాఢమైన అక్షరం, కిందిగీత, మినుకు, వెలుగునీడల తారుమారు, ఈ నాలుగూ ఎం.డి.ఏ.లో ఉండేవి. డబ్బున్నవారికి మరో దారి కూడా ఉండేది. ఈ రెండు కార్డులూ లోపల వేర్వేరు చోట్లను వాడుకొనేవి కాబట్టి ఒకే యంత్రంలో రెండూ బిగించి రెండు తెరలు పెట్టుకోవచ్చు. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3లో అంకెల పట్టీ ఏకవర్ణపు తెరమీద, దాని రేఖాచిత్రం రంగుల తెరమీద చూసుకొనే ఏర్పాటు ఉండేది. చదవవలసినది ఒకచోట, చూడవలసినది మరొకచోట. చదవడమూ చూడటమూ వేరువేరు పనులని గుర్తించిన ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

ఇక మన అక్షరాల దగ్గరకు వస్తాను.

రోమను అక్షరం 7 చుక్కల ఎత్తులో సుఖంగా ఇముడుతుంది. మన 'క' ఎలాగో ఒదుగుతుంది. 'స్త్రీ' ఒదగదు. పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తకారపు వత్తు, దానిని చుట్టుకొని క్రారవడి, అదొక మూడంతస్తుల మేడ. అంతకంటె సూక్ష్మమైనది థకార ధకారాల సంగతి. 'కథ' అని వ్రాయవలసిన చోట 'కధ' అని వ్రాసిన పిల్లలు ఎంతమందో నేను లెక్కపెట్టలేదు, ఎర్రసిరా మాత్రం చాలా అయింది. ఆ రెంటికీ తేడా కడుపులోని ఒక చుక్క. వ్రాసేవాడి చేతిలో చుక్క జారితే గురువు దిద్దుతాడు. తెరకే చుక్క పెట్టే స్థలం లేకపోతే ఎవరు దిద్దాలి? 8 చుక్కల ఎత్తులో తలకట్టుకు కొంత, అడుగున ఒత్తుగీతకు కొంత, పై వరుసకూ కింది వరుసకూ ఎడంగా కొంత తీసివేస్తే కడుపుకు మిగిలేది రెండు మూడు చుక్కల ఎత్తు. అందులో చుక్క పెడితే కడుపు పూడిపోతుంది, పెట్టకపోతే కథ కధ అవుతుంది. దకార ధకారాలు, పకార ఫకార షకారాలు, రకార ఠకారాలు, అన్నిటికీ ఇదే గతి. బడిపిల్లలు చేసే తప్పులన్నీ చేసే తెర అది.

మరొక విధంగా కొలుద్దాం. వత్తులతో సహా కంటికి ఇబ్బంది లేకుండా కనబడాలంటే ఒక్కొక్క వరుసకు 24 చుక్కల ఎత్తు కావాలనుకొందాం. 200 చుక్కల తెరమీద 8 వరుసలు పడతాయి. 350 చుక్కల తెరమీద 14 పడతాయి. సీసపద్యాన్ని మనం అచ్చువేసేటప్పుడు పాదాన్ని రెండేసి వరుసలుగా విరిచి, నాలుగు పాదాలకు 8 వరుసలు, కింద ఎత్తుగీతికి 4 వరుసలు, మొత్తం 12 వేస్తాం. రంగుల కార్డు తెరమీద సీసం నాలుగు పాదాలూ పట్టి ఎత్తుగీతి కిందికి జారిపోతుంది. ఏకవర్ణపు తెరమీద పద్యం మొత్తం పట్టి, పైన కవి పేరు, కింద పద్యసంఖ్య వేసుకోవడానికి రెండు వరుసలు మిగులుతాయి.

పట్టాలి, కాని పట్టదు. చిక్కంతా ఇక్కడే. ఎం.డి.ఏ.లో చుక్కలున్నాయి గాని వాటిని మన ఇష్టానికి వెలిగించే వీలు లేదు. ఆ కార్డులో 256 ఆకారాలను చెరగకుండా పోతపోసి పెట్టారు: రోమను అక్షరాలు, అంకెలు, యూరపు భాషలకు కావలసిన కొన్ని గుర్తులు, గళ్లు గీసుకొనే గీతలు, నవ్వుమొహాలు రెండు. నవ్వుమొహాలకు చోటుంది, తెలుగుకు లేదు. ఏ చుక్కనైనా వెలిగించుకో అని స్వాతంత్ర్యం ఇచ్చినది సి.జి.ఏ. అక్కడ చుక్కలు లేవు. ఇలా ఒక తెర ఆకారాన్ని ఇచ్చి చేయి కట్టివేసింది, ఒక తెర చేయి విడిచి ఆకారాన్ని లాగుకొన్నది. ఆంగ్లంలో వ్రాసేవాడికి ఇది ఇష్టాయిష్టాల ఎంపిక. మనవంటివారికి అది ఎంపికే కాదు.

ఈ సంగతి మనకంటె ముందు ఒక థాయి యువకుడికి తగిలింది. ఆయన పేరు వాన్ సువన్నుకూల్. (మన సువర్ణశబ్దం థాయి నోట 'సువన్' అవుతుంది.) అమెరికాలో ఉంటూ తన పరిశోధన గ్రంథాన్ని థాయి లిపిలో ఐ.బి.ఎం. యంత్రం మీద వ్రాసుకోదలచాడని, ఉన్న రెండు కార్డులూ పనికిరాక మూడవదాన్ని తానే తయారుచేశాడని ఆ కార్డు చరిత్రలో చెబుతారు. థాయిలో స్వరాల గుర్తులు కొన్ని అక్షరం పైన, కొన్ని కింద ఉంటాయి. ఉచ్చారణలోని స్థాయిని తెలిపే గుర్తులు అంతకంటె పైన మరొక అంతస్తు. ఆ లిపి ఖ్మేరు లిపినుంచి, అది దక్షిణభారతపు పల్లవలిపినుంచి వచ్చినవి, కనుక ఆయన బాధ మనకు దాయాదుల ఇంటి బాధ. 1982లో కెవిన్ జెంకిన్స్‌తో కలిసి ఆయన నెలకొల్పిన సంస్థ అమ్మిన ఆ కార్డే హెర్క్యులీస్. అది మామూలు ఆకుపచ్చ మానిటరుకే తగులుకొని, 720 × 348 చుక్కలలో దేనినైనా విడివిడిగా వెలిగించగలిగేది. 350 కాక 348 ఎందుకంటే, లోపల వరుసలను నాలుగు భాగాలుగా పంచి పెట్టుకొన్నారు, 350 నాలుగుతో భాగారం పోదు. రంగు మాత్రం ఒక్కటే. లోటస్ 1-2-3 దానిని ఆదరించడంతో హెర్క్యులీస్ కార్డు వ్యాపారలోకమంతటా పాకింది. రేఖాచిత్రాలు గీసుకొనే గుమాస్తాలలో అది థాయి అక్షరాలకోసం పుట్టిందని ఎందరికి తెలుసు?

ఆ మనిషి రంగు కోరలేదన్నది గమనించండి. కావలసినది ఆకారమని ఆయనకు స్పష్టంగా తెలుసు. సొంత లిపిలో వ్రాయదలచినవాడికి తెలిసిన ఆ సంగతి, రోమనులోనే వ్రాసేవాడికి తట్టదు.

ఇందుకే 'సంక్లిష్టలిపి' అన్నమాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తెలుగు తెరమీదికి ఆలస్యంగా రావడానికి మన లిపి చిక్కులే కారణమని ఈనాటికీ వ్రాస్తుంటారు. వత్తులు తీసివేద్దాం, గుణింతాలు విడదీద్దాం, లిపిని సంస్కరిద్దాం అనే వాదం యంత్రం కనబడినప్పుడల్లా లేస్తూనే వచ్చింది. మన పెద్దలు మూడు నాలుగు వేళ్ల వెడల్పు తాటాకుమీద ఐదారు వరుసలు గంటంతో చెక్కి, మసి పూసి తుడిస్తే, వత్తులూ గుణింతాలూ ఎక్కడివక్కడ నిలిచాయి. అదీ ఏకవర్ణమే. తాటాకుకు చుక్కల కరవు లేదు, కనుక దానిమీద లిపి సంక్లిష్టం కాలేదు. కొరత తెరలో ఉంటే నింద అక్షరానికి వేశారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పుణె సి-డాక్‌లో రూపుదిద్దుకొన్న జిస్టు కార్డు భారతీయలిపులను డాస్ తెరమీదికి తెచ్చినప్పుడు లిపిలో ఒక్క వత్తునూ తీసివేయవలసిన అవసరం పడలేదు, ఆకారాలను కూర్చే పని మాత్రం కార్డు నెత్తికెత్తుకొన్నది.

1987లో వి.జి.ఏ. వచ్చింది. 640 × 480 చుక్కలు, 16 రంగులు, 256 కిలోబైట్ల సొంత మెమరీ. ఎం.డి.ఏ.కు ఉన్నది 4 కిలోబైట్లేనని గుర్తు చేసుకోండి. దీనినే రంగు గెలిచిన సంవత్సరమని అంటారు. నా దృష్టిలో గెలిచినది చవకైన మెమరీ. అక్షరపు గడి 9 × 16కు పెరిగాక గాని రంగు చదువరి పక్కన కూర్చోవడానికి అర్హత సంపాదించుకోలేదు. అప్పటికీ, 1990ల మొదట్లో మా వైపు తెలుగు డి.టి.పి. దుకాణాలలో నేను ప్రూఫులు దిద్దడానికి కూర్చున్న తెరలు చాలావరకు నలుపుతెలుపులవే. అచ్చయ్యేది నల్లసిరాతో అయినప్పుడు తెరకు రంగు దేనికని ఆ దుకాణదారుల లెక్క. మంచి లెక్కే. నా ప్రాణం మాత్రం లేజరు ప్రింటరులోనుంచి కాగితం బయటపడేదాకా కుదుటపడేది కాదు. అంగుళానికి 300 చుక్కలు గల ఆ కాగితంమీద థకారం థకారంలాగా ఉండేది.

రంగు తన బాకీ తీర్చుకొన్న సందర్భం కూడా ఒకటి ఉంది. చదువరులలో పాతకాపులకు అది జ్ఞాపకం ఉండే ఉంటుంది. చదునైన ఎల్.సి.డి. తెరలు వచ్చాక ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు నిలువుపట్టీలు పక్కపక్కన ఏర్పడ్డాయి. ఆ మూడింటినీ మూడు చిన్న చుక్కలుగా లెక్కించి అక్షరపు అంచును నునుపు చేసే ఉపాయమే 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్ టైప్. అది 2001లో విండోస్ ఎక్స్.పి.తో వచ్చింది, గౌతమి ఖతి వచ్చినదీ దానితోనే. అయితే క్లియర్ టైప్ మొదట్లో ఆపివేసి ఉండేది. 2005, 2006 ప్రాంతాల్లో తెలుగు సరిగా కనబడటం లేదని వాపోయిన కొత్తవారికి, ముందు అది వెలిగించుకోమని మనం ఎన్ని వ్యాఖ్యలలో చెప్పి ఉంటాం! ఆకారం నోటినుంచి చుక్కలు లాగుకొన్న రంగు, ఇరవయ్యేళ్ల తరువాత తన పట్టీలను ఆకారానికే అప్పగించింది. అక్కడా ఒక మెలిక. ఆ నునుపు అడ్డంగానే వచ్చేది, పట్టీలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి. రోమనుకు కావలసింది చాలావరకు అదే. మనకు కరవు నిలువున. వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, అటు మాత్రం ఒక్క చుక్కా కలిసిరాలేదు. గౌతమిని సన్నని పరిమాణంలో చదవలేక మనం అక్షరాలను పెద్దవి చేసుకొన్నది ఊరికే కాదు.

ఈనాటి ఫోను తెరలలో చుక్కలు కంటికి అందనంత సన్నబడ్డాయి. అక్కడ ఈ చర్చకు పనిలేదు. కాని పుస్తకాలు చదువుకొనే ఈ-ఇంక్ పలకలలో పాత బేరం మళ్లీ బయలుదేరింది. నలుపుతెలుపులలో అంగుళానికి 300 చుక్కలు చూపే కలైడో 3 రకపు తెర రంగులలో 150 మాత్రమే చూపుతుంది. పైగా రంగులకోసం అంటించిన వడపోత పొరవల్ల కాగితపు తెలుపు కొంత మసకబారుతుంది. 1981 నాటి కార్డుల లెక్కే, అంకెలు మారాయి. రంగులది కొత్తది కనుక అదే కొనాలని అంగడిలో చెబుతారు.

నాకు శబ్దరత్నాకరం స్కాను చదువుకోవాలి. అందులో అర్థాలూ ఉదాహరణలూ సన్నని అక్షరాలలో కిక్కిరిసి ఉంటాయి. నేను నలుపుతెలుపుల పలకే తీసుకొన్నాను. పాత చందమామలు చూసుకోవడానికి ఏది మంచిదని అడిగిన మిత్రుడికి మాత్రం రంగులదే కొనుక్కోమన్నాను.